నల్ల కారు మీద సాలెగూడు గీతలు: ఇంట్లో పాలిష్ చేసుకుంటే పోతాయా?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాలుగేళ్ల నల్ల కారు, హన్మకొండలో ఇంటి ముందు వేపచెట్టు కింద పెడుతున్నారు. నీడలో బాగానే ఉంటుంది కానీ ఎండలోకి తీయగానే బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నగీతలు కనిపిస్తున్నాయి. డ్రైవర్ వైపు డోరు హ్యాండిల్ చుట్టూ గోళ్ల గీతలు పడ్డాయి. డిక్కీ మీద ఎవరో తాళంచెవితో గీకినట్టు జానెడు గీత ఒకటుంది. షాపులో పాలిషింగ్, సిరామిక్ కోటింగ్ కలిపి 18,000 అడిగారు. ఆ పని ఇంట్లోనే చేసుకుంటే గీతలు పోతాయా, లేక ఉన్న పెయింట్ కూడా పోతుందా అని మీ టెన్షన్.

బానెట్ మీదివి, హ్యాండిల్ దగ్గరివి ఇంట్లోనే చాలావరకు పోతాయి. డిక్కీ మీది పోదు. అదెందుకు పోదో అర్థమైతే మిగతా పని ఎలా చేయాలో మీకే తెలుస్తుంది కాబట్టి ముందు అక్కడి నుంచే మొదలుపెడతాను. నేను వరంగల్ ఆటోనగర్‌లో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. ఆ పొడి, ఆ థిన్నర్ వాసన ఇక పడక మానేశాను. ఇప్పుడు సొంత బండికి, చుట్టాల బండ్లకు మాత్రం చేస్తుంటాను.

మీ కారు రేకు మీద నాలుగు పొరలు ఉంటాయి. రేకుకు ఆనుకొని తుప్పు పట్టకుండా వేసే పూత, దాని మీద ప్రైమర్, ఆ పైన నలుపు రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్. మా షెడ్డు భాషలో దాన్ని ఒట్టి ‘క్లియర్’ అంటాం. మెరుపంతా దానిదే. ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం కలిపినా 100 నుంచి 140 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే మీ ప్రింటర్‌లో పెట్టే ఏ4 కాగితం మందం, లేదా దానికి కాస్త పైన. అందులో క్లియర్ వాటా 40, 50 మైక్రాన్లు. మీరు చూస్తున్న సాలెగూడు గీతలన్నీ ఆ పైపొరలోనే ఉన్నాయి.

గీత అంటే ఒక సన్నని గుంత. దాన్ని పైకి లేపే మందు ఎక్కడా లేదు. పొలంలో మడి చదును చేసేటప్పుడు పల్లం దాకా మెరకను చెక్కేస్తాం చూడండి, పాలిషింగ్ కూడా అంతే. గీత చుట్టూ ఉన్న క్లియర్‌ను గీత అడుగు దాకా అరగదీస్తే అక్కడ వెలుగు చెదరడం ఆగిపోతుంది, గీత కనిపించదు. కాబట్టి మీరు పాలిష్ చేసిన ప్రతిసారీ పెయింట్ కొంత పోతుంది. నెమ్మదిగా చేస్తే ఒకటి రెండు మైక్రాన్లు, మొరటుగా చేస్తే అంతకు చాలా ఎక్కువ. ఎండ నుంచి రంగును కాపాడే మందు కూడా ఆ క్లియర్‌లోనే ఉంటుంది. మరీ పలచబడితే కొన్నేళ్లకు పొలుసులు పొలుసులుగా లేస్తుంది. పాత బండ్ల టాపు మీద, బానెట్ మీద తెల్లగా పొట్టు లేచినట్టు ఉంటుంది కదా, అది ఇదే. అందుకే ప్రతి దసరాకు రబ్బింగ్, అంటే పెయింట్‌ను అరగదీసే పాలిష్, కొట్టించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఏ గీత పోతుంది, ఏది పోదు అనేది గోటితో తేల్చవచ్చు. బండి కడిగి, ఆరాక, చూపుడువేలి గోటిని గీతకు అడ్డంగా మెల్లగా జరపండి. గోరు జారిపోతే పాలిష్‌తో పోయే అవకాశం ఉంది. టక్కున తట్టుకుంటే అది లోతు గీత, దాని అడుగు దాకా అరగదీయాలంటే క్లియర్ మిగలదు. మీరు పంపిన ఫొటోలో డిక్కీ గీత తెల్లగా కనిపిస్తోంది, నలుపు కూడా దాటి ప్రైమర్ దాకా పోయినట్టుంది. దాని మీద కాంపౌండ్ (పెయింట్‌ను అరగదీసే పేస్టు) డబ్బా మొత్తం వాడి అరగదీసినా గీత ఉంటుంది, చుట్టూ ఉన్న పెయింట్ పోతుంది. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఇంతకీ బానెట్ మీద గీతలు ఎవరు వేశారు? కోపం తెచ్చుకోకండి, మీరే. లేదా పొద్దున్నే బకెట్టు పట్టుకొని వచ్చి వీధిలో పది బండ్లు తుడిచే అబ్బాయి. మన దగ్గర దుమ్ము మామూలు దుమ్ము కాదు. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల పొడి, భూపాలపల్లి, రామగుండం వైపు వెళ్తే బొగ్గు లారీల మసి, ఊరు దాటితే మొరం రోడ్ల ఎర్ర దుబ్బ. గ్రానైట్ పొడిలో, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గాజును కూడా గీస్తుంది, దాని ముందు క్లియర్ ఎంత? ఆ పొడి బానెట్ మీద ఉండగా పొడిబట్టతో తుడవడమంటే ఎమరీ కాగితం పట్టినట్టే. పెట్రోలు బంకులో గాలి పెట్టే అబ్బాయి ప్రేమగా డస్టర్‌తో దులుపుతుంటే నేను అడ్డం పడతాను, నవ్వుకుంటే నవ్వుకోనీ.

మేడారం జాతర అయిన వారం ఆటోనగర్‌కు వచ్చే బండ్లను చూస్తే ఈ సంగతి బాగా తెలిసేది. ములుగు, తాడ్వాయి దారిలో గంటలకొద్దీ వరసలో నిలబడి, వేలి మందం దుబ్బ పట్టి వస్తాయి. దుబ్బ పట్టిన బండితో ఏ బాధా లేదు, కడిగితే పోతుంది. పార్కింగ్‌లో ఆగినప్పుడు ఎవరో ఒకరు టవలు తీసి అద్దంతోపాటు బానెట్ కూడా గుండ్రంగా తుడిచేస్తారు. ఆ గుండ్రాలే తర్వాత ఎండలో సాలెగూడై కనిపిస్తాయి. తెల్ల బండికి, సిల్వర్ బండికి కూడా ఇవే గీతలు ఉంటాయి, కనిపించవంతే. నలుపు దాచదు.

పూజ కూడా ఒక కారణమే. భద్రకాళి గుడి దగ్గర బండి పూజ చేయించి బానెట్ మీద పసుపు కుంకుమలతో బొట్లు పెట్టిస్తాం. తప్పేం లేదు, నేనూ పెట్టిస్తాను. కానీ మర్నాడు ఆ ఎండిన కుంకుమను బట్టతో గీకి తీయకండి. నీళ్లు పోసి, పది నిమిషాలు నాననిచ్చి, సబ్బునీళ్లతో కడగండి. తెల్ల బండ్ల మీద పసుపు మరక కాస్త మిగిలితే కంగారుపడి రబ్బింగ్ చేయొద్దు, పసుపు ఎండకు తనంతట తానే వెలిసిపోతుంది. ఇంకో మాట, పాలిష్ చేయాలనుకుంటే దసరా ముందు కాకుండా పూజ అయ్యాక చేయండి. అప్పటికి వానలు కూడా వెనక్కి తగ్గుతాయి.

పనికి ముందు ఎండ గురించి. బానెట్ మీద అరచేయి పెడితే చల్లగా తగలాలి. వేడి రేకు మీద కాంపౌండ్ వేసిన నిమిషంలో ఎండి గట్టిపడుతుంది, దాన్ని తీయడానికి గట్టిగా రుద్దితే కొత్త గీతలు పడతాయి. మన ఏప్రిల్, మే నెలల్లో ఆ పని పెట్టుకోకండి. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. పొద్దున ఆరింటికి మొదలుపెడితే పదింటికి ఆపేయండి. ఒక్కరోజులో కారంతా చేయాలని పెట్టుకోవద్దు, ఒక ఆదివారం బానెట్, ఇంకో ఆదివారం ఒక పక్క డోర్లు. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను, నడుము కూడా ఒప్పుకోవాలి కదా.

వేపచెట్టు కింద మాత్రం చేయొద్దు. పాలిష్ చేస్తుండగా ఒక పుల్లో, దుమ్మో రాలి, రుద్దే ప్యాడ్ కింద పడితే చేసిందంతా వృథా. వరండా నీడో, షెడ్డో చూసుకోండి.

ఇక కడగడం. నిజానికి ఈ పనిలో సగం ఇదే, గీతలు మళ్లీ రాకుండా ఉండటానికైతే మొత్తం ఇదే. ముందు ఒట్టి నీళ్లతో పైనుంచి కింద దాకా దుమ్మంతా జారిపోయేలా కొట్టండి. చేయి వేయకుండా ఎంత పోతే అంత మంచిది. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో కార్ షాంపూ కలిపిన నీళ్లు, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. మైక్రోఫైబర్ గ్లవ్‌ను షాంపూ నీళ్లలో ముంచి ఒక భాగం తుడిచాక, మామూలు నీళ్ల బకెట్టులో జాడించి, పిండి, అప్పుడే మళ్లీ షాంపూలో ముంచాలి. ఒకే బకెట్టు అయితే తీసిన ఇసుకనే మళ్లీ బండికి పూస్తున్నట్టు. టాపు, అద్దాలు, బానెట్, డోర్ల పైభాగం, చివరన డోర్ల కిందిభాగం, బంపర్లు. చక్రాలకు వేరే బట్ట. గుండ్రంగా తిప్పకుండా నిలువుగానో అడ్డంగానో తీయండి.

బట్టల సర్ఫు, గిన్నెలు తోమే సబ్బు రోజువారీ కడగడానికి వాడొద్దు, ఉన్న వ్యాక్స్‌ను ఊడ్చేస్తాయి. కిరోసిన్, డీజిల్ కలిపిన నీళ్లతో తుడిస్తే నిగనిగలాడుతుందని పాత డ్రైవర్లు చెబుతారు. ఆ నిగనిగ జిడ్డుది, సాయంత్రానికి దాని మీదే దుమ్మంతా అతుక్కుంటుంది.

నీళ్ల సంగతి మరిచిపోయేవాణ్ని. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఎండలో కడిగి ఆరనిస్తే చుక్కచుక్కకీ తెల్లటి మచ్చ మిగులుతుంది, నల్ల బండి మీదైతే ముగ్గు చుక్కలు పెట్టినట్టే. నల్లా నీళ్లు వచ్చే రోజు కడగండి. అంతకన్నా పెద్ద తప్పు ఆర్‌వో మిషన్ నుంచి బయటికి వచ్చే వృథా నీళ్లతో కడగడం. నీళ్లు ఆదా చేస్తున్నామని అనుకుంటారు కానీ ఫిల్టర్ వదిలేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. దానికి బదులు ఏసీ పైపు నుంచి కారే నీళ్లు బకెట్టుకు పట్టి, పలచటి బట్టలో వడకట్టుకోండి. అందులో ఉప్పు దాదాపు ఉండదు. చివరి జాడింపు దానితో చేసి వెంటనే మందపాటి మైక్రోఫైబర్ టవలుతో అద్దితే ఒక్క మచ్చ ఉండదు. ఇప్పటికే పడ్డ తెల్లమచ్చలు కొత్తవైతే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, బట్టతో అద్ది, నిమిషం ఉంచి కడిగేయండి. అప్పటికీ పోకపోతే అవి క్లియర్‌ను తినేసినట్టు, పాలిష్‌లోనే చూసుకోవాలి.

కడిగి ఆరబెట్టాక, వేళ్లకు పలచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కొని బానెట్ మీద మెల్లగా జరపండి. గరగరలాడుతుంది. నున్నగా ఉందని కంటికి అనిపించిన చోట కూడా ఇసుక కాగితంలా తగులుతుంది. అది బ్రేకుల నుంచి ఎగిరే ఇనుప రజను, చెట్ల జిగురు, తారు. కాజీపేట జంక్షన్ పక్కన రోజూ బండి పెట్టేవాళ్లకు రైలు పట్టాల ఇనుప రజను కూడా తోడవుతుంది. దీన్ని తీయకుండా పాలిష్ మొదలుపెడితే ఆ రజనుతోనే రుద్దుతున్నట్టు. తీయడానికి క్లే బార్ అని దొరుకుతుంది, పిల్లలు ఆడుకునే మైనపు ముద్దలాంటిది. షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, క్లే ముక్కను వేళ్లతో చదును చేసి, బరువు వేయకుండా జార్చాలి. మొదట పట్టినట్టు ఉండి తర్వాత జారుతుంది, ఆ జారడమే గుర్తు. మురికి పట్టిన వైపును లోపలికి మడిచి కొత్త వైపు వాడండి. క్లే ఒక్కసారి కింద పడిందా, పారేయండి. రెండొందలు పోయాయని కడిగి వాడితే బానెట్ మొత్తం గీసుకుంటుంది. ఐరన్ రిమూవర్ అని స్ప్రే కూడా ఉంది, ఇనుప రజను ఉన్నచోట ఊదారంగులోకి మారి కారుతుంది. వాసన మాత్రం కుళ్లిన కోడిగుడ్డే, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.

తర్వాత నల్ల ప్లాస్టిక్, రబ్బరు బీడింగులు, లోగో అంచులు, హెడ్‌లైట్ చుట్టూ మాస్కింగ్ టేపు వేయండి. పెయింటర్లు వాడే కాగితపు టేపు, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. పది నిమిషాల పని అని వదిలేస్తే, కాంపౌండ్ ఎక్కిన నల్ల ప్లాస్టిక్ తెల్లగా మారి నెలల తరబడి వెక్కిరిస్తుంది.

ఇప్పుడు అసలు పని. షాపుల్లో డబ్బాల మీద పేర్లు చూస్తే తల తిరుగుతుంది, అర్థం చేసుకోవాల్సింది మూడే. కాంపౌండ్ అరగదీస్తుంది. పాలిష్ కూడా అరగదీస్తుంది, కానీ సన్నగా, కాంపౌండ్ మిగిల్చిన మసకను తీసి మెరుపు తెస్తుంది. వ్యాక్స్ ఏమీ అరగదీయదు, పైన పూత వేస్తుందంతే. వ్యాక్స్ రాస్తే గీతలు పోతాయని కొంటారు, నూనె పట్టి నాలుగు రోజులు కనబడవు, రెండు కడుగులకు మళ్లీ ప్రత్యక్షం. కొన్ని చోట్ల ‘రబ్బింగ్ పాలిష్’ పేరుతో జరిగేది కూడా ఇదే, గీతను నూనెతో నింపి ఇస్తారు. టూత్‌పేస్టులో సన్న పొడి ఉంటుంది కాబట్టి చిన్న మరకకు పనిచేసినట్టు ఉంటుంది. బానెట్ అంతా దానితో చేయడం చెంచాతో బావి తోడటమే. నల్ల బూటు పాలిష్ పూసినవాళ్లను కూడా చూశాను, పేరు చెప్పను, మా చుట్టమే.

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా: బరువైన కాంపౌండ్‌తో మొదలుపెట్టొద్దు. 3ఎం, మెగ్వయర్స్, టర్టిల్ వ్యాక్స్ లాంటివాటిలో ఏదో ఒకదాని సన్న రకం పాలిష్ తీసుకొని, బానెట్ మీద ఒక మూలన అడుగు పొడుగు, అడుగు వెడల్పు చోటు టేపుతో గుర్తుపెట్టండి. అక్కడ మాత్రమే చేసి చూడండి. సన్నరకంతోనే గీతలు పోతే కారంతా దానితోనే. పోకపోతే అప్పుడు కాంపౌండ్. ఎంత తక్కువ అరుగుదలతో పని జరిగితే అంత మంచిదని మొదట చెప్పిన లెక్క గుర్తుంది కదా.

చేతితో ఎలాగంటే, ఫోమ్ అప్లికేటర్ మీద రూపాయి బిళ్లంత పాలిష్ వేసి, ముందు ఆ అడుగు చోటంతా పలచగా పూసి, తర్వాత కాస్త బరువు వేసి ముందుకూ వెనక్కూ, ఆపైన అడ్డంగా రుద్దండి. రెండు నిమిషాలు. పలచటి పొరలా పారదర్శకంగా అవుతుంది, పొడిగా ఎండేదాకా లాగొద్దు. శుభ్రమైన మైక్రోఫైబర్‌తో తీసేయండి. ఇప్పుడు అరుగుదల సరిపోయిందా లేదా చూడాలంటే పాలిష్‌లోని నూనె పోవాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతుకు మూడు వంతుల నీళ్లు కలిపి స్ప్రే చేసి తుడవండి. కరోనా నాటి శానిటైజర్ సీసా మిగిలి ఉందని అది కొట్టకండి, అందులో గ్లిజరిన్ ఉంటుంది, జిడ్డు మళ్లీ మొదటికే వస్తుంది. తుడిచాక సెల్‌ఫోన్ టార్చి వేసి పక్క నుంచి చూడండి. టేపు తీసి చూస్తే చేసిన చోటుకూ చేయని చోటుకూ మధ్య గీత గీసినట్టు తేడా తెలుస్తుంది. అది చూశాక మిగతా బానెట్ చేయకుండా మీరు ఆగలేరు.

చేతి పనికి ఒక హద్దుంది. హ్యాండిల్ వెనుక గోళ్ల గీతలకు చేయే సరైనది, అక్కడ మెషిన్ పట్టదు. రెండు వేళ్ల మీద బట్ట చుట్టి చేసుకోండి. బానెట్, టాపు అంతా చేత్తో చేస్తే భుజాలు పోతాయి, గీతలు కూడా సగమే తగ్గుతాయి. ఆ సగం చాలంటే మెషిన్ అక్కర్లేదు, నిజంగా చెబుతున్నాను. ఇంకా కావాలంటే డీఏ పాలిషర్ కొనండి, లేదా నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. డీఏ అంటే ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూ పక్కకు కూడా ఊగుతుంది, అందుకే ఒకేచోట వేడి పేరుకోదు. షెడ్డుల్లో వాడే రోటరీ ఒకేవైపు తిరుగుతుంది, చేయి తిరగనివాళ్ల చేతిలో అది కత్తి. టైల్స్ కోసే గ్రైండర్‌కు ప్యాడ్ బిగించి పాలిష్ చేసే వీడియోలు చూసి మాత్రం మోసపోకండి. అది నిమిషానికి 11,000 సార్లు తిరిగేది, పాలిష్ పనికి 3,000 కూడా ఎక్కువే.

ఈ రోటరీ గురించి నాకు మరిచిపోలేని రోజు ఒకటుంది. పనిలో చేరిన ఏడాదిలోపే ఉస్తాద్ భోజనానికి వెళ్లిన సమయంలో ఉత్సాహం ఆపుకోలేక ఒక ఎర్ర బండి ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) మీద మెషిన్ పెట్టాను. బల్లపరుపు చోట అద్దంలా వచ్చింది. ఆ ఊపులో ఫెండర్ మడత అంచు మీదకు వెళ్లి రెండు క్షణాలు ఆగాను. ఎరుపు మధ్యలో బూడిదరంగు చార, వేలెడు పొడుగు. అంచుల మీద పెయింట్ పలచగా ఉంటుంది, ప్యాడ్ బరువంతా అక్కడే పడుతుంది. ఆ రెండూ నాకు అప్పుడు తెలియవు. ఉస్తాద్ వచ్చి ఏమీ అనలేదు. ఫెండర్ మొత్తం మళ్లీ పెయింట్ చేసి, ఆ డబ్బు నా జీతంలో మూడు నెలలు కోశాడు. అప్పటి నుంచి ప్రతి మడతకూ, ప్రతి అంచుకూ టేపు వేశాకే మెషిన్ ఆన్ చేస్తాను. డీఏ అయినా సరే మీరూ అలాగే చేయండి.

డీఏతో ఒకసారికి రెండడుగుల చదరం మించొద్దు. ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగు. మెషిన్ ఆన్ చేయకముందే ప్యాడ్‌ను బానెట్‌కు ఆనించి చుక్కల్ని అద్దండి, లేకపోతే పాలిష్ మీ చొక్కా మీద ఉంటుంది. తక్కువ వేగంలో పూసి, నాలుగో ఐదో నంబరుకు పెంచి, సెకనుకు అంగుళం నడిచేంత నెమ్మదిగా జరపండి. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, అలా రెండు విడతలు. మెషిన్ బరువు, దానికి తోడు కాస్త చేతి బరువు చాలు. గట్టిగా నొక్కితే ప్యాడ్ తిరగడం ఆపి వణుకుతుంది, పని జరగదు. తెలియడానికి ప్యాడ్ వెనుక ప్లేటు మీద మార్కర్‌తో ఒక గీత పెట్టుకోండి, గీత తిరుగుతూ కనిపించాలి. ప్రతి చదరం అయ్యాక ప్యాడ్‌ను పాత టూత్‌బ్రష్‌తో గీకి శుభ్రం చేయండి. ఒక ప్యాడ్‌తో కారంతా లాగొద్దు, కనీసం నాలుగైనా ఉండాలి.

ఒక జాగ్రత్త. కారు ఎప్పుడైనా గుద్దుకొని ఏ డోరో, బంపరో మళ్లీ పెయింట్ చేయించి ఉంటే అక్కడ తక్కువగా అరగదీయండి. ఫ్యాక్టరీలో పెయింట్‌ను 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు, బయటి షెడ్డుల పెయింట్ బూత్‌లో 60 డిగ్రీల దగ్గర ఆరబెడతారు. అందుకే షెడ్డు పెయింట్ మెత్తగా ఉంటుంది, త్వరగా అరుగుతుంది. పెయింట్ వేయించి రెండు నెలలు కాకపోతే దాని మీద వ్యాక్స్ కూడా వద్దు, లోపలి థిన్నర్ ఎగిరిపోవాలి. అలాగే ఇంట్లో పాత మారుతి 800 లాంటిది ఉంటే, చాలా రంగుల్లో దానికి క్లియర్ ఉండదు. పాలిష్ చేస్తుంటే బట్టకు రంగు అంటుతుంది. భయపడాల్సిన పని లేదు, కానీ అక్కడ పోతున్నది రంగే అని గుర్తుపెట్టుకోండి.

వ్యాక్స్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. కార్నూబా అనేది బ్రెజిల్‌లో ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం, నల్ల బండికి లోతైన మెరుపు ఇస్తుంది. 80 డిగ్రీలు దాటాక గానీ కరగదు. అయినా మన ఎండలో, వారం వారం కడుగుడుకు రెండు నెలలు ఉంటే గొప్ప. సింథటిక్ సీలెంట్ అయితే నాలుగైదు నెలలు వస్తుంది, మెరుపు కాస్త గాజులా ఉంటుంది. నేను సీలెంట్ వేస్తాను, బద్ధకం వల్ల. ఏదైనా సరే, పలచగా. రొట్టె మీద వెన్న పూసినట్టు పూసేవాళ్లు ఉంటారు, తుడవలేక ఏడుస్తారు. ఎక్కువ పూస్తే ఎక్కువ కాపాడదు. పూశాక మసకబారనిచ్చి, వేలితో ఒక చోట గీస్తే కింద నిగనిగలాడాలి, అప్పుడు తుడవండి. మరకలా సాగితే ఇంకా ఆగండి.

సిరామిక్ కోటింగ్ (క్లియర్ మీద వేసే గట్టి పూత) గురించి అడిగారు. అది మంచిదే, నీళ్లు నిలవవు, కడగడం తేలిక. కానీ ‘9హెచ్ గట్టిదనం, గీత పడదు’ అని చెప్పే మాట నమ్మకండి. ఆ 9హెచ్ అనేది పెన్సిల్ ములుకుతో గీసి చూసే కొలత, రాయి గట్టిదనం కొలిచే లెక్క వేరు. మొరం రాయికి, తాళంచెవికి సిరామిక్ ఆగదు. కింద గీతలు తీయకుండా పైన వేస్తే గీతలకు అద్దం బిగించినట్టు అవుతుంది. ఆ 18,000లో పెద్ద భాగం కోటింగు ముందు చేసే పాలిషింగ్ కూలీయే కావాలి, షాపులో ‘ఎన్ని రోజులు బండి పెట్టుకుంటారు’ అని అడగండి. పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకెళ్లమంటే పాలిషింగ్ సరిగా చేయట్లేదని అర్థం.

మైక్రోఫైబర్ బట్టలు విడిగా ఉతకండి. నూలు బట్టలతో కలిపితే నూలు పీచంతా పట్టేస్తుంది, కంఫర్ట్ లాంటి సాఫ్ట్‌నర్ వేస్తే నీళ్లు పీల్చడం మానేస్తాయి. అంచున కుట్టిన లేబుల్ కత్తిరించేయండి, అదీ గీస్తుంది. నేల మీద పడ్డ బట్ట ఇక చక్రాలకే.

వేపచెట్టు నీడ మంచిదే కానీ పిట్టల రెట్ట సంగతి చూసుకోండి. ఎండకు క్లియర్ మెత్తబడి ఉన్నప్పుడు రెట్ట పడి ఎండితే ఆ ఆకారంలో మచ్చ దిగిపోతుంది. డాష్‌బోర్డులో ఒక నీళ్ల స్ప్రే, ఒక బట్ట పెట్టుకోండి. చూసిన వెంటనే తడిపి, నాననిచ్చి, ఎత్తి తీయండి, రుద్దొద్దు.

ఇక డిక్కీ గీత. రేకు దాకా పోలేదు కాబట్టి రేపే తుప్పు పట్టదు, కానీ వచ్చే వానాకాలం లోపు మూసేయండి. కారు మీద రంగు కోడ్ స్టిక్కర్ ఉంటుంది, చాలా బండ్లకు డోరు తెరిస్తే పక్క స్తంభం మీదో, బానెట్ లోపలో. ఆ కోడ్ చెప్పి కంపెనీ షోరూములో టచప్ పెన్నో, చిన్న సీసానో అడగండి. నలుపు అంటే ఏదో ఒక నలుపు కాదు, మెటాలిక్ అయితే ఇంకా తేడా. గీతను ఆల్కహాల్ నీళ్లతో తుడిచి, సీసాతో వచ్చే బ్రష్ పక్కన పెట్టి, పళ్లు కుట్టే పుల్లతో గుంతలో మాత్రమే రంగు పెట్టండి. ఒకేసారి నింపొద్దు, ఎండాక కుంగుతుంది. గంటకో పూత, మూడు నాలుగు పూతలు, చివరన క్లియర్. వారం ఆరాక చుట్టూ పొంగిన చోట సన్న పాలిష్‌తో చేత్తో సర్దితే దగ్గరికి వచ్చి వెతికితే తప్ప కనిపించదు. దాన్ని 2000 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే సన్న ఎమరీ కాగితం)తో చదును చేసుకోమని ఎవరైనా చెబితే వినకండి, మొదటిసారి చేసే చేతికి ఆ కాగితం ఇవ్వను. బానెట్ మీద ఆ అడుగు చోటు చేశాక ఫొటో పెట్టండి, టార్చి పక్క నుంచి వేసి తీసింది. సన్న పాలిష్ సరిపోయిందో, కాంపౌండ్ కావాలో చూసి చెప్తాను.